ఐఏటీఈ పదకోశం: ఐరోపా వాతావరణ మాటల్ని తెలుగు చేసేవారికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

చీమకుర్తి గ్రానైట్ ఇటలీకి పోతుంది. నెల్లూరు చెరువుల రొయ్యలూ ఒంగోలు పొగాకూ ఐరోపా దేశాలకు పోతాయి. ఆ సరుకు వెంట తిరిగే కాగితాల్లో ఇప్పుడు వాతావరణ మార్పు, వర్షపాతంలో ఒడిదుడుకులు, కరువు ముప్పు, వరద ముప్పు అనే మాటలు ఎక్కువయ్యాయి. ఫ్రెంచిలోనో జర్మన్‌లోనో స్పానిష్‌లోనో రాసిన కాగితం ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి దిగి, చెరువు యజమానికో రైతుకో పత్రిక డెస్కుకో అర్థం కావాలి. ఈ పనికి డబ్బు కట్టకుండా దొరికే సాధనాల్లో చాలా పెద్దది ఐఏటీఈ. ఐరోపా సమాఖ్య సంస్థలన్నీ కలిసి పెంచుకుంటున్న పదకోశం అది. దాన్ని ఇక్కడ ఒక్క కోణంలోనే పరీక్షిస్తున్నాం: శీతోష్ణస్థితిలోని హెచ్చుతగ్గులను చెప్పే మాటల విషయంలో దాన్ని ఎంత నమ్మవచ్చు?

తీర్పు ముందే చెప్పేస్తాం. మాటకు మాట కావాలని వెళ్తే ఇది సగం సాయం చేసి సగం దారి తప్పిస్తుంది. నిర్వచనం చదవడానికి వెళ్తే మాత్రం గంట పని పది నిమిషాల్లో ముగుస్తుంది. మా లెక్కలో ఐదుకు నాలుగు. తగ్గిన ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో కింద తెలుస్తుంది.

ఐఏటీఈ సంస్థల లోపలి వాడకానికి 2004లో, అందరికీ 2007లో అందుబాటులోకి వచ్చింది. 2018లో రూపం మార్చుకుంది. నిర్వహణ లక్సెంబర్గ్‌లోని అనువాద కేంద్రానిది. సమాఖ్య అధికార భాషలు 24 ఉన్నాయి. తెలుగు లేదు. కాబట్టి ఇక్కడ దొరికేది ఐరోపా వైపు గట్టు మాత్రమే. తెలుగు వైపు గట్టు మనమే కట్టుకోవాలి. రష్యన్ సమాఖ్య భాష కాదు కనుక దాని కోసం ఐక్యరాజ్యసమితి పదకోశం యూఎన్‌టర్మ్ తెరవాలి.

వాడే పద్ధతి తేలికే, కానీ చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. వెతికే పెట్టెలో మాట కొట్టి, మూల భాష ఎంచుకుని, కావలసిన రెండు మూడు భాషలకే టిక్కు పెట్టండి. అన్ని భాషలూ ఎంచుకుంటే పేజీ చాంతాడంత అవుతుంది. విషయం దగ్గర పర్యావరణం ఎంచుకోండి. లేకపోతే ‘ఫ్లక్చుయేషన్’ అనగానే మారకపు రేట్ల గొడవంతా ముందుకొస్తుంది. ఫలితాల వరసలో కనిపించిన మాటను అక్కడికక్కడే ఎత్తి రాసుకోవద్దు. పూర్తి పద్దు తెరిచి నాలుగు సంగతులు చూడాలి: నిర్వచనం, అది ఎక్కడి నుంచి తీసుకున్నది, మాట పక్కన ఎన్ని నక్షత్రాలున్నాయి, దానికి ఏమైనా చీటీ తగిలించారా. నక్షత్రం ఒకటైతే ఎవరూ సరిచూడలేదని, రెండైతే కనీస నమ్మకమని, మూడైతే నమ్మవచ్చని, నాలుగైతే గట్టిగా నమ్మవచ్చని అర్థం. చీటీల్లో ‘పాతబడింది’, ‘వాడవద్దు’ అనేవి కూడా ఉంటాయి, అవి చూడకుండా పోతే చిక్కే. ఒకే భావనకు రెండు మూడు పద్దులు కనిపించడం ఇక్కడ మామూలు, ఎందుకంటే ఒక్కో సంస్థ ఒక్కోటి చేర్చింది. అప్పుడు ప్రధాన పద్దుగా గుర్తు పెట్టినదాన్ని పట్టుకోవాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. హెచ్చుతగ్గుల మాటలు ఒక్కటి కాదు, ఒక కుటుంబం. ప్రపంచ వాతావరణ సంస్థ 1966లో వెలువరించిన 79వ సాంకేతిక పత్రం ఈ కుటుంబాన్ని వావివరసలతో విడదీసి పెట్టింది. నెల్లూరులో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వాన లెక్కను ఏళ్ల వారీగా గీతగా గీశామనుకుని దాన్ని చదివితే బాగా అర్థమవుతుంది. గీత ఒకే వైపు మెల్లగా ఎక్కుతూ పోయినా, దిగుతూ పోయినా అది ధోరణి. ఒక సగటు దగ్గర నడుస్తున్న గీత హఠాత్తుగా తెగి మరో సగటుకు మారి అక్కడే ఉండిపోతే అది విచ్ఛిన్నత. ఈ రెండూ కాక, క్రమంగానో అక్రమంగానో పైకీ కిందికీ వెళ్లే మార్పు ఫ్లక్చుయేషన్. కనీసం రెండు శిఖరాలూ నడుమ ఒక పల్లమూ, లేదా రెండు పల్లాలూ నడుమ ఒక శిఖరమూ ఉంటేనే దానికి ఆ పేరు. శిఖరం నుంచి పల్లానికి నునుపుగా జారి మళ్లీ ఎక్కితే ఆసిలేషన్. అలా కాకుండా కొన్నేళ్లు తడి సగటు దగ్గర మకాం వేసి, తర్వాత కొన్నేళ్లు పొడి సగటు దగ్గర మకాం వేస్తే వాసిలేషన్. శిఖరాల మధ్య ఎడం దాదాపు సమానంగా ఉంటే లయ, కచ్చితంగానో, ఇంచుమించు కచ్చితంగానో సమానమైతే పీరియాడిసిటీ.

ఈ వావివరసలు తెలియకుండా పదకోశం తెరిస్తే ఏమవుతుందో చూడండి. జర్మన్‌లో ‘క్లీమాష్వాన్‌కుంగ్’ అనే ఒక్క మాట ఫ్లక్చుయేషన్‌కూ, మామూలు రాతల్లో హెచ్చుతగ్గులన్నిటికీ సరిపోతుంది. కానీ పేరున్న ఘటన దగ్గర ఆ భాషే ‘ఓస్సిలాట్సియోన్’ అంటుంది. ఉత్తర అట్లాంటిక్ డోలనానికి అదే మాట. రష్యన్‌లో ఆ తేడా కూడా అంతగా లేదు. ‘కొలెబానియె’ అంటే ఒడిదుడుకూ అదే, డోలనమూ అదే. పసిఫిక్ మీద గాలి పీడనం అటూ ఇటూ ఊగే దక్షిణ డోలనాన్ని కూడా ‘యూజ్నోయె కొలెబానియె’ అంటారు. ఫ్రెంచి మాత్రం ఇంగ్లీషుకు అడుగులో అడుగు వేస్తుంది: వారియాబిలితే, ఫ్లుక్తుయాసియోఁ, ఆసిలాసియోఁ మూడూ వేరువేరు. అంటే ఫ్రెంచి నుంచి తెలుగు చేసేటప్పుడు మాటను నమ్మవచ్చు. జర్మన్, రష్యన్‌ల నుంచి చేసేటప్పుడు వాక్యం చూడాలి, వీలుంటే గీత చూడాలి.

తెలుగులో ఈ కుటుంబానికి మన దగ్గర పేర్లు లేవని కాదు, ఉన్నవాటిని కలిపేసి వాడుతున్నాం. మేము సూచించే విభజన ఇది. వేరియబిలిటీ అనే విశాలమైన భావనకు ‘వైవిధ్యం’ కంటే ‘చంచలత’ దగ్గరది. అయితే రైతు చదివే కాగితమైతే ‘ఏటేటా తేడాలు’ అని రాస్తేనే సూటిగా ఉంటుంది. ఫ్లక్చుయేషన్‌కు ‘ఒడిదుడుకులు’, ఆసిలేషన్‌కు భౌతికశాస్త్రం పాఠాల్లో స్థిరపడిన ‘డోలనం’, వాసిలేషన్‌కు ‘ఊగిసలాట’. పీరియాడిసిటీకి ‘ఆవర్తనం’ అని రాయడం పుస్తక జ్ఞానానికి సహజమే, కానీ మన జిల్లాల్లో ఆ మాట ఎప్పుడో వేరేదానికి ఇచ్చేశారు. ‘కోస్తాపై ఉపరితల ఆవర్తనం’ అని పేపర్లో చదివిన మనిషి ‘వర్షపాతంలో ఆవర్తనం’ అంటే గాలి సుడే అనుకుంటాడు. ‘సమకాల పునరావృత్తి’ బరువుగా ఉన్నా తప్పు అర్థం ఇవ్వదు. ఇంకా తేలిక కావాలంటే ‘ఇన్నేళ్లకొకసారి తిరిగి రావడం’ అని విప్పి రాయండి.

అన్నిటికంటే పెద్ద గుంట మాత్రం ‘వాతావరణం’ అనే మాటే. ఈ పూట మబ్బు, ముప్ఫై ఏళ్ల సగటు, భూమి చుట్టూ ఉన్న గాలి పొర, మూడూ మనకు వాతావరణమే. బడి పుస్తకాల్లో దీర్ఘకాల స్థితికి ‘శీతోష్ణస్థితి’ అనే మంచి మాట ఉన్నా పత్రికలు ‘వాతావరణ మార్పు’తోనే స్థిరపడ్డాయి. ఐరోపా భాషలు కూడా ఈ విషయంలో శుద్ధంగా లేవు. ఫ్రెంచి ‘తాఁ’కూ స్పానిష్ ‘తియెంపో’కూ కాలం అనే అర్థమూ ఈనాటి వాతావరణం అనే అర్థమూ ఉన్నాయి. జర్మన్‌లో రెండు కాదు, మూడు మెట్లున్నాయి: ఈ పూటది ‘వెట్టర్’, దీర్ఘకాలానిది ‘క్లీమా’, కొన్ని రోజుల నుంచి ఒక రుతువు దాకా సాగే తీరు ‘విట్టెరుంగ్’. ఈ మూడోదానికి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకదు, అందుకే ఇంగ్లీషు మీదుగా వచ్చిన అనువాదంలో అది కరిగిపోతుంది. తెలుగు రైతుకు మాత్రం ఆ భావన కొత్తేం కాదు. ఈ కార్తె తీరు బాగాలేదు అంటాడే, అక్కడ ‘తీరు’ అదే. జర్మన్ మూలం చేతిలో ఉంటే ఇంగ్లీషును పక్కన పెట్టి ‘రుతువు తీరు’ అని నేరుగా రాయవచ్చు.

‘క్లైమేట్ చేంజ్’ పద్దు దగ్గర నిర్వచనం రెండుసార్లు చదవాలి. వాతావరణ మార్పుపై 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం అది మనిషి పనుల వల్ల నేరుగానో పరోక్షంగానో వచ్చిన మార్పు. సహజ చంచలతకు అదనంగా వచ్చినది. వాతావరణ మార్పుపై ప్రభుత్వాల ఉమ్మడి శాస్త్ర సంఘమైన ఐపీసీసీ వాడుకలో సహజ కారణాలతో వచ్చినా మనిషి వల్ల వచ్చినా, దశాబ్దాలో అంతకంటే ఎక్కువో నిలిచిన మార్పంతా అందులోకి వస్తుంది. కాగితం ఏ నిర్వచనాన్ని అనుసరిస్తోందో చూడకుండా ‘మానవ తప్పిదం వల్ల వచ్చిన వాతావరణ మార్పు’ అని పెంచి రాస్తే ఒక సందర్భంలో సరి, ఇంకో సందర్భంలో అబద్ధం. ఏకవచనం, బహువచనం కూడా భాషకో తీరు. ఒడంబడిక పేరులో ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్ బహువచనం వాడతాయి; స్పానిష్, రష్యన్ ఏకవచనం. జర్మన్ ఒడంబడిక పేరులో ‘క్లీమాఎండెరుంగెన్’ ఉంటే, పత్రికల్లో, మాటల్లో ‘క్లీమావాండెల్’ ఉంటుంది. పోర్చుగీసు ఇంకా జాగ్రత్త: ఐఏటీఈ ఇచ్చేది పోర్చుగల్ వాడుక ‘ఆల్తెరసోయిష్ క్లిమాతికష్’. బ్రెజిల్ కాగితాల్లో ‘ముదాన్స దు క్లిమ’ ఉంటుంది. అది వేరే భావన కాదు, ఊరు వేరు, అంతే.

దక్షిణ డోలనం దగ్గర జరిగే ఒక తప్పును విడిగా చెప్పాలి. ఫ్రెంచిలో అది ‘ఆసిలాసియోఁ ఓస్ట్రాల్’. ఓస్ట్రాల్ అంటే దక్షిణపు అని అర్థం, ఆస్ట్రేలియా అని కాదు. తొందరలో ‘ఆస్ట్రేలియా డోలనం’ అని రాస్తే ఎవరూ పట్టుకోలేరు కూడా, ఎందుకంటే ఆ డోలనాన్ని లెక్కించే గాలి పీడనాల్లో ఒకటి తాహితీలో తీస్తే రెండోది ఆస్ట్రేలియాలోని డార్విన్‌లోనే తీస్తారు. తప్పు నిజంలాగే కనిపిస్తుంది. స్పానిష్‌లో, పోర్చుగీసులో పొడి అక్షరాలు కూడా మారి ‘ఎనోస్’ అవుతాయి. అది కొత్త ఘటన అనుకోవద్దు, మనం ‘ఎన్సో’ (ఎల్ నినో, దక్షిణ డోలనం కలిపి) అనేదే.

ఇక్కడ మాట సరిగ్గా ఉన్నా అర్థం బోల్తాపడే చోటు మన జిల్లాలదే. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో వస్తే భారతదేశంలో వర్షాభావం అని ఐరోపా పత్రాలు సాధారణంగా రాస్తాయి. నైరుతి రుతుపవనాల మట్టుకు ఆ మాట చెల్లుతుంది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. ఎల్ నినో ఏడాది ఆ వాన పెరిగే మొగ్గు ఉంది. 2015 అందరికీ గుర్తుండే ఉదాహరణ: దేశం మొత్తానికి నైరుతి వాన 14 శాతం తగ్గింది, అదే ఏడాది నవంబర్‌లో నెల్లూరు వరద నీళ్లలో ఉంది. కాబట్టి ‘ఇండియాలో’ అని ఉన్నచోట ‘నైరుతి కాలంలో’ అని అనువాదకుడు ఒక సూచన చేర్చడం హద్దు మీరడం కాదు, బాధ్యత. సోమశిల జలాశయం నీటిని నమ్ముకుని ఎడగారు (రెండో పంట) వేయాలా వద్దా అని ఆలోచించే మనిషి ఆ వాక్యం చదువుతాడు.

‘పాజిటివ్ అనామలీ’ని మంచి మార్పు అని రాసినవి కూడా చలామణిలో ఉన్నాయి. అది సగటు కంటే ఎక్కువ అని మాత్రమే. ఏ సగటు అన్నది తర్వాతి ప్రశ్న. ప్రపంచ వాతావరణ సంస్థ ఇప్పటి ప్రమాణం 1991–2020. జర్మనీ వాతావరణ శాఖ దీర్ఘకాల మార్పును చూపేటప్పుడు 1961–1990తో కూడా పోలుస్తుంది. మన ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వర్షపాతానికి 1971–2020 సగటు తీసుకుంటుంది. మూడు కాగితాల్లో మూడు సున్నా గీతలు. అంకె పక్కన ఆధార సంవత్సరాలు రాయకుండా అనువాదం పూర్తయిందనుకోవద్దు. పైగా ఐఎండీ జిల్లా వానల లెక్కలో ‘సాధారణం’ అంటే సగటుకు అటూ ఇటూ 19 శాతం లోపు. ఫ్రెంచి ‘నొర్మాల్’ అంటే ఆ సగటు అంకే.

వాన మాటల్లో కూడా కొలత దాగి ఉంటుంది. జర్మన్ ‘ష్టార్క్‌రేగెన్’ హెచ్చరిక గంటకు చదరపు మీటరుకు 15 లీటర్ల దగ్గర మొదలవుతుంది. చదరపు మీటరుకు ఒక లీటరు అంటే ఒక మిల్లీమీటరు. మన దగ్గర భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి. రెండిటినీ ‘భారీ వర్షం’ అంటే గంట లెక్కా రోజు లెక్కా కలిసిపోతాయి. బ్రాకెట్లో అంకె ఇవ్వండి. ఫ్రెంచి ‘దెప్రెసియోఁ’ చూడగానే వాయుగుండం అని రాయవద్దు. మన లెక్కలో వాయుగుండానికి గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకోవాలి. ఫ్రెంచి మాట అంత గాలి లేని అల్పపీడనానికీ చెల్లుతుంది. ‘ప్రెసిపితాసియోఁ జాఁపోర్తాఁత్’ అంటే ముఖ్యమైన వానలు కాదు, పెద్ద వానలు. జర్మన్ ‘ఎవెంటువెల్’, ఫ్రెంచి ‘ఎవాఁతుయెల్’ రెండూ ‘బహుశా’, ‘కావచ్చు’ అనే అర్థంలోవి. ఇంగ్లీషు పోలికతో ‘చివరికి’ అని రాస్తే అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోతుంది. ఐఏటీఈలో ఇలాంటివి దొరకవు, ఎందుకంటే అవి పారిభాషిక పదాలు కావు. తగ్గించిన ఆ ఒక్క మార్కులో సగం దీనికే: పదం ఇస్తుంది, దాని చుట్టూ ఉన్న మాటలను వదిలేస్తుంది. మిగతా సగం ఏ భాషలో ఎంత నిండుగా ఉంటుందో ముందుగా చెప్పలేకపోవడానికి. ఒకే పద్దులో ఫ్రెంచికి నిర్వచనమూ వాక్యమూ ఉండి, చిన్న భాషకు ఒట్టి మాటే ఉండవచ్చు.

అంకెల సంగతి రెండు ముక్కల్లో. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లలో దశాంశానికి కామా పెడతారు: 1,5 డిగ్రీలు అంటే మన 1.5. జర్మన్‌లో 1.500 అంటే పదిహేను వందలు. ఇంగ్లీషు బిలియన్ ఫ్రెంచిలో ‘మిలియార్’; ఫ్రెంచి ‘బిలియోఁ’ దానికి వెయ్యి రెట్లు. ఇంగ్లీషు బిలియన్‌ను తెలుగులో వంద కోట్లు అని రాస్తే ఏ పేచీ ఉండదు.

ఐపీసీసీ పత్రాల్లోని ‘లైక్లీ’ మామూలు మాట కాదు, కొలత: 66 శాతానికి పైన. ‘వెరీ లైక్లీ’ 90కి పైన, ‘వర్చువల్లీ సర్టెన్’ 99కి పైన. ఫ్రెంచి ‘ప్రొబాబ్ల్’, ‘త్రే ప్రొబాబ్ల్’ అదే నిచ్చెన మెట్లు. తెలుగులో ఒకచోట ‘అవకాశం ఉంది’, ఇంకోచోట ‘ఖాయం’ అని ఇష్టానికి రాస్తే మెట్లు విరిగిపోతాయి. మెట్టుకు ఒకే మాట పెట్టుకుని, మొదటిసారి శాతం పక్కన చూపండి. అలాగే ‘ప్రొజెక్షన్’కు అంచనా అని, ‘ఫోర్‌కాస్ట్’కు ముందస్తు సూచన అని విడదీయండి. మొదటిది ఇలా జరిగితే అలా అవుతుందనే షరతు మాట. రెండోది రేపటి వాన మాట.

పోల్చి చూడదగ్గ ఇతర సాధనాలు మూడు. యూఎన్‌టర్మ్ ప్రధానంగా ఆరు భాషలది, కానీ ఒడంబడికల పేర్లకు అదే ఆఖరి మాట. ఐరోపా పర్యావరణ సంస్థ వారి గెమెట్‌లో ఐదు వేలకు పైగా భావనలు ఉన్నాయి. ఏ భావన దేని కిందికి వస్తుందో చూడటానికి మంచిది, సూక్ష్మమైన తేడాలకు చాలదు. మూడోది పదకోశం కాకపోయినా మాకు అన్నిటికంటే ఇష్టమైనది: సమాఖ్య చట్టాల భాండాగారం యూర్‌లెక్స్. 2021/1119 అని కొట్టి ఐరోపా వాతావరణ చట్టం తెరిచి, మూడు భాషలు పక్కపక్కన పెట్టమంటే పెడుతుంది. ఐఏటీఈలో దొరికిన మాట నిజంగా వాక్యంలో ఎలా నిలబడుతుందో అక్కడ చూడాలి. జర్మన్ మాటకు ఇంకో సాక్ష్యం కావాలంటే జర్మనీ ఐపీసీసీ సమన్వయ కార్యాలయం వెలువరించే అనువాదాలున్నాయి.

చేతికింద ఒక పట్టిక పెట్టుకోమని మా సలహా. మాటకొక వరస, వరసకు ఏడు గడులు: మూల భాషలో మాట, ఇంగ్లీషు మాట, నిర్వచనం తెలుగులో ఒక వాక్యం, దాని ఆధారం, నక్షత్రాలు, రైతు కోసం తెలుగు మాట, కార్యాలయం కోసం తెలుగు మాట. చివరి రెండు గడులు ఒకటి కావు. ‘డ్రై స్పెల్’కు కార్యాలయం గడిలో ‘వర్షవిరామం’ రాయండి. రైతు గడిలో ‘బెట్ట’ అని రెండక్షరాలు చాలు, కనిగిరి నుంచి కావలి దాకా విప్పి చెప్పక్కర్లేదు. ‘డ్రాట్’కు అందుకే ‘బెట్ట’ పెట్టకూడదు, అది కరువు. ఫ్రెంచి ‘సెష్‌రెస్’, స్పానిష్ ‘సెకియా’, జర్మన్ ‘డ్యూర్రె’ ఆ వరసలోకి వెళ్తాయి. జర్మన్ ‘ట్రోకెన్‌హైట్’ ఎదురైతే ఎన్ని రోజులని ఉందో చూసి, ఆ తర్వాతే ఏ వరసలో వేయాలో తేల్చండి.